హైదరాబాద్‌లో చరిత్ర చూపించడానికి ఒక్క రోజే ఉంటే: సాలార్‌జంగా, పబ్లిక్ గార్డెన్స్ స్టేట్ మ్యూజియమా?

మీరడిగింది క్లుప్తంగా ఇదీ: మే నెలలో ఒక శనివారం ఖమ్మం నుంచి వస్తున్నారు. వెంట 67 ఏళ్ల అమ్మగారు, ఆవిడకి మోకాళ్ల నొప్పులు. ఎనిమిదో తరగతి పాప, నాలుగో తరగతి బాబు. "పిల్లలకి మన చరిత్ర చూపించాలి, సాయంత్రం బస్సుకి తిరిగి వెళ్లిపోవాలి. సాలార్‌జంగ్ ఒక్కటి చూస్తే చాలా? ఎంతసేపు పడుతుంది? ఆ ఎండల్లో వీలవుతుందా?"

ముందు సూటిగా జవాబు. మీకు కావలసింది 'మన చరిత్ర' అయితే సాలార్‌జంగ్ ఒక్కటీ చాలదు. పేరులో మ్యూజియం అని ఉన్నా అది చరిత్రని వరసగా చెప్పేది కాదు, ఒక నవాబుగారు ముచ్చటపడి కొన్న వస్తువుల భండారం. మన నేలలో తవ్వితే బయటపడ్డవి చూడాలంటే నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియంకి వెళ్లాలి. రెండూ ఒకే రోజులో అవుతాయి: పొద్దున 10కి సాలార్‌జంగ్ తలుపులు తీసేసరికి అక్కడ ఉండండి, రెండున్నర గంటలు చూసి బయటపడండి, భోంచేసి మెట్రోలో అసెంబ్లీ స్టేషన్‌కి రండి, రెండున్నర నుంచి నాలుగు దాకా స్టేట్ మ్యూజియం. ఇంతే. చార్మినార్ "పక్కనే కదా" అని మధ్యలో ఇరికించారంటే మూడూ చెడతాయి.

శనివారం పెట్టుకోవడం మంచిదైంది. రెండు మ్యూజియాలకీ శుక్రవారం సెలవు. మ్యూజియం అంటే సోమవారం సెలవనే ఢిల్లీ లెక్క ఇక్కడ నడవదు. ఊళ్ల నుంచి వచ్చి గేటు దగ్గర ఉసూరుమనేవాళ్లలో ఎక్కువమంది ఈ ఒక్క కారణానికే. స్టేట్ మ్యూజియంకి ప్రభుత్వ సెలవులు కూడా వర్తిస్తాయి కాబట్టి ఆ శనివారం ఏ పండగో వచ్చిందేమో క్యాలెండర్ చూసుకోండి. టికెట్ ధరలు అప్పుడప్పుడూ మారుతుంటాయి, ముందురోజు మ్యూజియం వెబ్‌సైట్‌లో చూసుకుంటే చాలు.

సాలార్‌జంగ్‌నే ముందు ఎందుకంటే జనం. శనివారం పదకొండున్నర దాటాక హాళ్లన్నీ జాతరలా ఉంటాయి. స్టేట్ మ్యూజియంలో ఏ వేళకి వెళ్లినా అంత రద్దీ ఉండదు. కాబట్టి మధ్యాహ్నానికి దాన్ని దాచుకోవడమే లాభం. అయితే ఏదైనా కారణంతో మీ బస్సు ఆలస్యమై ఒక్కటే చూడగలిగే పరిస్థితి వస్తే, పిల్లలు ఎంత గోల చేసినా నేను స్టేట్ మ్యూజియంకే ఓటేస్తాను. మీ ప్రశ్నలో 'చరిత్ర' అన్న మాట ఉంది కాబట్టి.

ఖమ్మం బస్సు దిగేది మహాత్మాగాంధీ బస్టాండు, అంటే ఎంజీబీఎస్‌లోనే. సాలార్‌జంగ్ అక్కడికి కిలోమీటరు పైచిలుకు, మూసీకి దక్షిణపు ఒడ్డున, దారుల్‌షిఫాలో. కుర్రాళ్లయితే నడిచేయొచ్చు. అమ్మగారితో వద్దు, ఆటో ఎక్కండి. ఎక్కేముందే "దారుల్‌షిఫా, మ్యూజియం మెయిన్ గేట్" అని గట్టిగా చెప్పండి, లేదంటే చార్మినార్ దగ్గర దింపేసి "యహీ హై సాబ్" అంటారు. బట్టల బ్యాగులుంటే బస్టాండు క్లోక్‌రూమ్‌లోనే పెట్టేసి రండి. మ్యూజియంలోనూ బ్యాగులు కౌంటర్లో అప్పగించాల్సిందే, కానీ వెళ్లేటప్పుడు తిరిగి తీసుకునే క్యూలో పావుగంట పోతుంది. అమ్మగారి మందులు, కళ్లజోడు, పర్సు చేతిలో పట్టే చిన్న సంచిలో ఉంచుకోండి. టికెట్ తీసుకునేటప్పుడే వీల్‌చెయిర్ అడగండి. "నాకెందుకు, నేనేం ముసలిదాన్నా" అని ఆవిడ అంటారు. అయినా తీసుకోండి. ఆ అరచంద్రాకారపు వరండాలు చూడ్డానికి చిన్నగానే కనిపిస్తాయి, రాతి గచ్చు మీద నడిచేసరికి పెద్ద పెద్దవాళ్ల మోకాళ్లే మొరాయిస్తాయి. పైఅంతస్తుకి లిఫ్టు ఉంది.

ఇప్పుడు అసలు విషయం. సాలార్‌జంగ్‌లో కళాఖండాలు దాదాపు 43 వేలు, రాతప్రతులు 9 వేలు అని లెక్క. అన్నీ ప్రదర్శనలో లేవు. కానీ మాటవరసకి, ఒక్కో వస్తువుని పది సెకన్లు చూసినా 43 వేలకి దాదాపు 120 గంటలు, అంటే రోజుకి ఏడు గంటల చొప్పున 17 రోజులు. కాబట్టి "అంతా చూసేశాం" అనేవాళ్లు నిజానికి అద్దాల పక్కనుంచి నడిచి వెళ్లారంతే. ఆరు వస్తువులు ఎంచుకోండి, ఒక్కోదాని ముందు పది నిమిషాలు ఆగండి. తక్కినవి దారిలో కంటికి తగిలినంత.

పిల్లలకి ముందే చెప్పాల్సిన నేపథ్యం రెండు ముక్కల్లో: సాలార్‌జంగ్‌లు ముగ్గురు, తాతా తండ్రీ మనవడూ, ముగ్గురూ నిజాంల దగ్గర దివాన్లు, అంటే ప్రధానమంత్రులు. మొదటివాడు మీర్ తురాబ్ అలీ ఖాన్ 1853 నుంచి 1883లో చనిపోయేదాకా దివాను. మూడోవాడు మీర్ యూసుఫ్ అలీ ఖాన్ చిన్న వయసులోనే ఏడో నిజాం దగ్గర రెండేళ్లు దివానుగిరీ చేసి, తప్పుకొని, తర్వాత జీవితమంతా వస్తువులు కొంటూ గడిపాడు. పెళ్లి చేసుకోలేదు. 1949లో పోయాడు. వారసులు లేని ఆ ఆస్తిని ఏం చేయాలన్న చర్చలోంచి పుట్టిందే ఈ మ్యూజియం. 1951 డిసెంబరు 16న వాళ్ల దేవిడీలోనే, అంటే వాళ్లుండే భవంతిలోనే, నెహ్రూ ప్రారంభించారు, 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది, 1968లో ఇప్పుడున్న భవనంలోకి వచ్చింది. ఇది తెలిస్తే పిల్లలు "ఇన్ని చైనా పింగాణీలు ఇక్కడెందుకున్నాయి?" అని అడిగినప్పుడు జవాబు మీ దగ్గర ఉంటుంది: ఆయనకి నచ్చాయి, కొన్నాడు.

గడియారం. గంటగంటకీ ఇందులోంచి ఒక బొమ్మ బయటికొచ్చి గంట కొడుతుంది, అదే ఆట. అందరూ పన్నెండు గంటల ఆటకి వెళ్లమంటారు. వద్దంటాను. పన్నెండింటికి గంట పన్నెండుసార్లు మోగుతుంది నిజమే, కానీ ముందు నిలబడ్డ రెండొందల మంది ఫోన్లు పైకెత్తితే నాలుగో తరగతి బాబుకి కనపడేది వాళ్ల మోచేతులే. పదకొండు గంటల ఆటకి వెళ్లండి. ఒక్క దెబ్బే తక్కువ, జనం సగం కూడా ఉండరు. పది నలభైకల్లా అక్కడి బెంచీల మీద ముందు వరస పట్టుకుంటే అమ్మగారికి కూర్చున్నట్టూ ఉంటుంది. కలకత్తాలోని కుక్ అండ్ కెల్వీ కంపెనీ పేరున్న ఈ గడియారంలో రెండు బొమ్మల మీద కన్నుంచమనండి. ఒకటి కమ్మరి. వాడు సుత్తితో క్షణక్షణం కొడుతూనే ఉంటాడు, అంటే సెకన్ల ముల్లు పని వాడిది. రెండోది చిన్న గడ్డపాయన. గంట కావడానికి రెండు మూడు నిమిషాల ముందే తలుపు తీసుకుని బయటికొచ్చి, ఎన్ని గంటలైతే అన్నిసార్లు గంట కొట్టి, లోపలికి పోతాడు. "సరిగ్గా పదకొండుకి వద్దాంలే" అనుకున్నవాళ్లు తలుపు తెరుచుకోవడం చూడలేరు, అసలు సరదా అక్కడే ఉంది. పక్కన టీవీ తెర ఉంటుంది, దాన్ని చూడనివ్వకండి, తెర ఇంట్లోనూ ఉంది.

ముసుగు రెబెకా. ఇటలీ శిల్పి జొవాన్నీ బెంజోని చెక్కింది, మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్నాడు. బైబిల్లోని రెబెకా కాబోయే భర్త ఐజాక్‌ని చూడగానే ముసుగేసుకున్న క్షణం. అందరూ ఎదురుగా నిలబడి ఫోటో తీసి వెళ్లిపోతారు. ఎదురుగా చూస్తే ముసుగు ఒక గీతల గందరగోళంలా ఉంటుంది. రెండడుగులు పక్కకి జరిగి, వెలుగు ముఖం మీద ఏటవాలుగా పడే చోటు వెతకండి. అప్పుడు కిటుకు దొరుకుతుంది: శిల్పి అసలు ముసుగు అనేదాన్ని వేరే పొరగా చెక్కలేదు, చెక్కడం కుదరదు కూడా. ముఖం మీద సన్నటి మడతల గట్లు మాత్రం ఉబ్బెత్తుగా వదిలాడు. ఆ గట్ల అంచుల మీద వెలుగు పడుతుంది, గట్ల మధ్య పల్లంలో ముక్కూ పెదవీ కనిపిస్తాయి, తక్కిన పల్చటి బట్టని మన కళ్లే అల్లేస్తాయి. చలువరాయి వెలుగుని పైపైన తిప్పికొట్టకుండా కాస్త లోపలికి తీసుకుని చెదరగొడుతుంది, అందుకే చర్మంలా అనిపిస్తుంది. ఇదే పని నల్లరాయిలో అవదు. మధ్యాహ్నం స్టేట్ మ్యూజియంలో కాకతీయుల శిల్పాల ముందు ఈ మాట పాపకి మళ్లీ గుర్తుచేయండి.

రెండు ముఖాల చెక్కబొమ్మ దగ్గర ఎక్కువ చెప్పక్కర్లేదు. ముందువైపు మెఫిస్టోఫిలిస్ అనే దెయ్యం ఛాతీ విరుచుకుని, వెనకవైపు అదే జర్మన్ కథలోని (ఫౌస్ట్) అమాయకపు పిల్ల మార్గరెట్టా తలవంచుకుని, రెండూ ఒకే మొద్దులో. వెనకున్న అద్దంలో చూడాలి. పిల్లలు అద్దం సంగతి గమనించకుండా దెయ్యం దగ్గరే ఆగిపోతారు, వాళ్లంతట వాళ్లు కనిపెట్టేదాకా ఊరుకోండి.

పచ్చల గది అని జనం పిలిచేది నిజానికి జేడ్ రాతి వస్తువులది. అక్కడ జహంగీరు బాకు, నూర్జహాన్ పండ్లు కోసుకునే కత్తి ఉన్నాయి. కత్తి చిన్నదే, ముందు వెతికి పట్టుకోవాలి. ఈ రాయి ఉలికి లొంగదు. కురువిందం పొడి నీళ్లలో కలిపి, తిరిగే చక్రం మీద రోజుల తరబడి అరగదీసి ఆకారం తెస్తారు. కాబట్టి ఆ పిడి మీద చేయి తిరిగిన నునుపంతా చెక్కుడు కాదు, అరుగుడు. టిప్పు సుల్తాన్‌కి ఫ్రాన్సు రాజు పదహారో లూయీ పంపాడని చెప్పే దంతపు కుర్చీలు కూడా వదలకండి. యూరప్ తైలవర్ణ చిత్రాలు, పింగాణీ, గాజు, ఫర్నిచర్ ఉన్న పడమటి బ్లాకు మాత్రం ఈసారికి మానేయొచ్చు. నాకు ఆ పింగాణీ ఇష్టమే గానీ, ఒక్క రోజు కోసం ఖమ్మం నుంచి వచ్చేవాళ్లకి అది మొదటి పది పనుల్లో లేదు.

పిల్లలు తప్పకుండా అడిగేది: "ఇక్కడ లైట్లెందుకింత తక్కువ?" రాతప్రతులు, చిన్న చిత్రాలు, బట్టలు ఉన్న గదుల్లో వెలుతురు బాగా తగ్గించి ఉంచుతారు. మ్యూజియాలు సాధారణంగా పాటించే లెక్క: కాగితం, రంగులు, బట్టకి 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం), తైలచిత్రాలు, చెక్క, దంతానికి 150 నుంచి 200, రాయికీ లోహానికీ పెద్ద పట్టింపు లేదు. ఎండలో ఆరేసిన రంగు చీర వెలిసినట్టే ఇదీ, ఒకసారి పోయిన రంగు తిరిగి రాదు. గదిలోకి వెళ్లగానే కనపడలేదని వెనక్కి రాకండి, రెండు మూడు నిమిషాలు ఆగితే కళ్లు సర్దుకుంటాయి. బయట మే నెల ఎండలోంచి వచ్చినప్పుడు ఇంకాస్త సమయం పడుతుంది, అమ్మగారి కళ్లకి మరీను. ఫ్లాష్ వద్దనడం కూడా ఈ లెక్కలోదే, పైగా అద్దం మీద ఫ్లాష్ కొడితే ఫోటోలో మీ ఫోను తప్ప ఏమీ రాదు. ఫోను అద్దానికి దాదాపు ఆనించి, కొంచెం ఏటవాలుగా పట్టుకుంటే మెరుపు పడదు. ట్రైపాడ్, సెల్ఫీ కర్ర తీసుకురాకండి.

మన వాతావరణం మ్యూజియాలకి శత్రువు. మేలో గాలి పొడిబారి 40 డిగ్రీలు దాటుతుంది, జూలై వచ్చేసరికి అదే గాలి తేమతో బరువెక్కుతుంది. దంతం, చెక్క ఈ రెండు ఋతువుల మధ్య సంకోచించి వ్యాకోచించి పగుళ్లిస్తాయి, కాగితానికి బూజు పడుతుంది, పురుగు పడుతుంది. కొన్ని గదులు చల్లగా, కొన్ని ఉక్కగా ఉండటానికి కారణం మీ సౌకర్యం కాదు, వస్తువు అవసరం. రాతి విగ్రహాల గదిలో ఏసీ లేదని సిబ్బందితో గొడవ పడేవాళ్లని తరచూ చూస్తుంటాం. విగ్రహానికి ఏసీ అక్కర్లేదు. కాబట్టి చల్లటి గది దొరికినప్పుడే అమ్మగారిని కాసేపు ఎక్కువసేపు కూర్చోబెట్టండి.

పన్నెండున్నరకల్లా బయటపడితే మంచిది. లోపల క్యాంటీన్ ఉంది, టీ బిస్కెట్లకి పర్వాలేదు. భోజనానికి నయాపూల్ దాటి మదీనా వైపు వెళ్తే హోటళ్లే హోటళ్లు, బిర్యానీ ప్రియులకి అక్కడ లోటు లేదు. కానీ రెండున్నరకి మళ్లీ మ్యూజియం చూడాలి, పైగా మే నెల. పెరుగన్నం కట్టుకొస్తే అంతకన్నా సుఖం లేదు, పబ్లిక్ గార్డెన్స్ చెట్ల కింద తినొచ్చు.

రెండో మ్యూజియంకి ఆటో వద్దు, మెట్రో ఎక్కండి. మళ్లీ ఎంజీబీఎస్‌కి వచ్చి రెడ్ లైన్‌లో మియాపూర్ వైపు రైలు: ఉస్మానియా మెడికల్ కాలేజ్, గాంధీ భవన్, నాంపల్లి, నాలుగోది అసెంబ్లీ. పది నిమిషాలు కూడా పట్టదు, చల్లగా ఉంటుంది, ఎంజే మార్కెట్ ట్రాఫిక్కులో ఉడికిపోయే బాధ తప్పుతుంది. ఎంజీబీఎస్‌లో రెండు లైన్లు కలుస్తాయి, పొరపాటున జేబీఎస్ వైపు గ్రీన్ లైన్ ఎక్కకండి. స్టేషన్లలో లిఫ్టులున్నాయి, మెట్ల వైపు జనం వెంట పడి పోకుండా లిఫ్టు బోర్డు చూసుకోండి.

స్టేట్ మ్యూజియం చిన్నది, పాతది, సగం మంది హైదరాబాదీలకే తెలియదు. తోటలోనే తెల్లటి గుమ్మటాల భవనం. నిజాం ప్రభుత్వం 1914లో పురావస్తు శాఖ పెట్టి గులాం యజ్దానీని దానికి డైరెక్టర్‌ని చేసింది, ఆ శాఖ తవ్వకాల్లోనూ సర్వేల్లోనూ పోగేసినవే దీనికి పునాది. అజంతా అప్పట్లో హైదరాబాద్ రాజ్యంలోది. 1920-22 మధ్య ఇటలీ నుంచి నిపుణుల్ని పిలిపించి ఆ గుహల చిత్రాలు బాగుచేయించిన శాఖ ఇదే. మ్యూజియంలో అజంతా చిత్రాల నకళ్లు కనిపిస్తే "కాపీలే కదా" అని తీసిపారేయకండి, గుహల్లో ఇప్పుడు అంత స్పష్టంగా కనపడనివి వీటిలో తెలుస్తాయి.

పిల్లలు మాత్రం పరిగెత్తేది మమ్మీ దగ్గరికే. సరే, ముందు అదే కానివ్వండి, లేకపోతే తక్కినవేవీ చూడనివ్వరు. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ 1920 ప్రాంతంలో ఈజిప్టులో కొని తెచ్చాడు, ఏడో నిజాం చేతుల మీదుగా మ్యూజియంకి వచ్చింది. పేరు నసిహు అనీ, ఆరో ఫారో కూతురనీ, వయసు సుమారు 2,500 ఏళ్లనీ చెబుతారు. ఇక్కడ ఎనిమిదో తరగతి పాపకి ఒక లెక్క ఇవ్వండి. ఈజిప్టులో ఫారోల పాలన మొదలై 5,000 ఏళ్లు. అలాంటప్పుడు 'ఆరో ఫారో' కూతురు 2,500 ఏళ్ల కిందట ఎలా ఉంటుంది? రెండూ నిజం కావడానికి వీల్లేదు. రాకుమారి కథ కొన్నప్పుడు అమ్మినవాడు చెప్పిన కథ అయ్యే అవకాశమే ఎక్కువ. ఇలా ఒక్క ప్రశ్న అడగడం వస్తే, మ్యూజియంలో బోర్డులన్నీ చదివినదాని కన్నా ఎక్కువ వచ్చినట్టు. 2016లో దీన్ని ఆక్సిజన్ లేని, గాలి చొరని పెట్టెలోకి మార్చారు. అది లేకపోతే మన తేమకి చుట్టిన నార బట్ట పాడైపోతుంది, పురుగు కూడా బతకడానికి గాలి కావాలి కదా.

తర్వాత నాణేలు. ఇక్కడే తొందరపడకూడదు. సీసం, పోటిన్ (రాగి, తగరం, సీసం కలిసిన లోహం) శాతవాహన నాణేలు చూడ్డానికి మట్టి పెంకుల్లా ఉంటాయి. ఫోను కెమెరా జూమ్ చేసి చూడండి: ఒకవైపు ఏనుగో, మూడు వంపుల కొండో, రెండోవైపు కూడలి గుర్తు, నాలుగు గీతల కొసన నాలుగు గుండ్రాలు, దాన్నే ఉజ్జయిని చిహ్నం అంటారు. అంచు చుట్టూ బ్రాహ్మీ అక్షరాలు. భాష ప్రాకృతం, 'రఞో' అంటే 'రాజుగారిది'. జగిత్యాల జిల్లా కోటిలింగాలలో దొరికిన నాణేల వల్లే శాతవాహనుల తొలి రోజుల్లో గోదావరి తీరం పాత్ర గురించి చరిత్రకారుల చర్చ మలుపు తిరిగింది, వాటిలో శాతవాహన వంశం మొదటి రాజు సిముకుడి పేరున్నవీ ఉన్నాయి. నాణేల మీద రాజు బొమ్మ లేకపోతే పేరొక్కటే ఆధారం, పేరు అరిగిపోతే ఆ రాజూ పోయినట్టే.

బౌద్ధ శిల్పాల దగ్గర పిల్లలకి ఒక పని పెట్టండి: లేబుళ్లలో తెలంగాణ ఊళ్ల పేర్లు వెతకమనండి. ఫణిగిరి, ధూళికట్ట, నేలకొండపల్లి. నేలకొండపల్లి మీ ఖమ్మానికి పాతిక కిలోమీటర్లలోపే, రామదాసు ఊరిగా అందరికీ తెలుసు, అక్కడ అంతకు వెయ్యేళ్లకి పైగా ముందే బౌద్ధ స్తూపం ఉందని తెలిసినవాళ్లు తక్కువ. సూర్యాపేట జిల్లా ఫణిగిరిలో దొరికిన తోరణం ముక్కలు 2023లో న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం దాకా వెళ్లి ప్రదర్శనలో నిలబడ్డాయి. "మన పక్క ఊరిది" అన్న మాట పిల్లల మీద పనిచేసినట్టు ఏ ఉపన్యాసమూ పనిచేయదు.

కాకతీయుల శిల్పాలు లోపలా ఉన్నాయి, బయట పచ్చికలోనూ ఉన్నాయి. నగల దగ్గర ఆగండి. నల్లరాతిలో పూసల హారం పూసకీ పూసకీ మధ్య దారం సందు కూడా తొలిచి ఉంటుంది. పొద్దున చెప్పిన మాట ఇక్కడ: చలువరాయి వెలుగుని మింగి మెత్తబరుస్తుంది, ఈ రాయి వెలుగుని అంచు మీద కత్తిలా నిలబెడుతుంది. అందుకే అక్కడ ముసుగు, ఇక్కడ నగలు.

బిద్రీ, అంటే నల్లటి లోహంలో వెండి పొదిగే బీదర్ పని, రెండు మ్యూజియాల్లోనూ ఉంది, ఎక్కడ కాళ్లకి ఓపికుంటే అక్కడ చూడండి. బీదర్ 1956 దాకా హైదరాబాద్ రాజ్యంలోదే. హుక్కా కుండ నల్లగా ఉంది కదా అని ఇనుము అనుకుంటారు, రంగు వేశారనుకుంటారు. రెండూ తప్పు. జింకు పదహారు పాళ్లకి రాగి ఒక పాలు చొప్పున పోత పోసి, మీద గాడి తీసి, ఆ గాడిలో వెండి తీగ సుత్తితో దిగ్గొడతారు. అప్పటికి అంతా తెల్లగానే ఉంటుంది, పని కనపడదు. ఆఖర్న బీదర్ కోటలోని పాత గోడల దగ్గరి మట్టి, నవాసారం నీళ్లలో కలిపి, వేడి చేసిన వస్తువుకి పట్టిస్తారు. జింకు మిశ్రమం నల్లబడుతుంది, వెండికి ఏమీ కాదు. పనంతా ఒక్కసారిగా తేలుతుంది. వెండి తీగ పెట్టిందా, రేకు పెట్టిందా అని పాపని చూసి చెప్పమనండి: సన్నటి గీతలైతే తీగ, పూరేకుల్లాంటి వెడల్పు మచ్చలైతే రేకు.

లేబుళ్ల మీద సంవత్సరాలు గందరగోళం చేస్తాయి, ఈ మూడూ ఫోనులో రాసుకోండి. శకం అని ఉంటే 78 కలపండి: వేయిస్తంభాల గుడి శాసనంలో శక 1084, అంటే 1162-63. ఫసలీ (పంటల లెక్కన నడిచే సర్కారు సంవత్సరం) అని ఉంటే 590 కలపండి, నిజాం కాలపు సర్కారు కాగితాలు చాలావరకు ఆ లెక్కలోనే. కత్తుల మీదా రాతప్రతుల మీదా ఉండే హిజ్రీ (ముస్లింల సంవత్సరం) మాత్రం కాస్త కష్టం, అది చాంద్రమానం, ఏడాదికి 11 రోజులు తక్కువ. నూటికి మూడు చొప్పున తీసేసి 622 కలిపితే ఏడాది అటూ ఇటూగా వస్తుంది: హిజ్రీ 1000 లోంచి 30 తీసేస్తే 970, 622 కలిపితే 1592. హైదరాబాద్ పుట్టిన కాలం సరిగ్గా అదే, 1591-92. నేరుగా 622 కలిపేసేవాళ్లు ప్రతి వస్తువునీ ముప్పయ్యేళ్లో నలభయ్యేళ్లో ముందుకి తోసేస్తుంటారు.

నోట్సు రాసుకోవడానికి పిల్లలకి పెన్సిలే ఇవ్వండి. చాలాచోట్ల రాతప్రతుల దగ్గర పెన్ను ఒప్పుకోరు, సిరా మరక పడితే పోదు. బొమ్మ గీయమంటే ఇంకా మంచిది: నాలుగో తరగతి పిల్లాడు ఒక ఏనుగు నాణెం గీయడానికి పట్టే ఐదు నిమిషాలూ దాన్నే చూస్తాడు.

మీ తేదీ మారితే చూసుకోవాల్సినవి కొన్ని. మొహర్రం పదో రోజు బీబీకా ఆలం (పవిత్రంగా చూసే ధ్వజం) ఊరేగింపు దారుల్‌షిఫా మీదుగా చాదర్‌ఘాట్‌కి వెళ్తుంది, ఆ రోజు సాలార్‌జంగ్ వైపు రావద్దు. గణేశ్ నిమజ్జనం రోజు చార్మినార్, అఫ్జల్‌గంజ్, ఎంజే మార్కెట్ దారంతా విగ్రహాలదే. రంజాన్ మాసంలో పగలు ఇబ్బంది లేదు, సాయంత్రం నాలుగు దాటాక పాతబస్తీ రోడ్లు కదలవు. వానాకాలంలో మూసీకి పైనున్న గండిపేట, హిమాయత్‌సాగర్ చెరువుల గేట్లు ఎత్తారన్న వార్త విన్నారంటే చాదర్‌ఘాట్, మూసారాంబాగ్ వంతెనల దగ్గర రోడ్డు మూసేస్తారు. 2025 సెప్టెంబరు చివర్లో అయితే ఎంజీబీఎస్ బస్టాండులోకే మూసీ నీళ్లొచ్చాయి. అలాంటి రోజు నాంపల్లి స్టేషన్‌కి రైల్లో వచ్చి స్టేట్ మ్యూజియం ఒక్కటే చూసుకుని వెళ్లడం నయం.

పిల్లలు ఇంకా హుషారుగా ఉండి, అమ్మగారు స్టేట్ మ్యూజియం వద్దంటే, సాలార్‌జంగ్‌కి దగ్గర్లోనే పురానీ హవేలీలో నిజాం మ్యూజియం ఉంది. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ బట్టల బీరువా, అదో పెద్ద హాలంత పొడవు, రెండంతస్తులు, చేత్తో తిప్పే చెక్క లిఫ్టుతో సహా. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు కూడా అక్కడే. చూడదగ్గదే, గంట చాలు. కాకపోతే అది మళ్లీ నవాబుల చరిత్రే. కోటిలింగాల, నేలకొండపల్లి అక్కడ ఉండవు.

తిరుగు బస్సు సంగతి: స్టేట్ మ్యూజియం నుంచి నాలుగింటికి బయల్దేరితే అదే మెట్రోలో నాలుగున్నరకి ఎంజీబీఎస్. క్లోక్‌రూమ్‌లో బ్యాగులు తీసుకోవడానికి ఇరవై నిమిషాలు వేసుకుని, ఐదున్నర తర్వాతి బస్సుకే రిజర్వేషన్ చేయించండి. ఐదింటి బస్సుకి చేయిస్తే మమ్మీ దగ్గర నుంచి నాణేలు చూడకుండానే పరిగెత్తాల్సి వస్తుంది.